ఏడాది పాటు వేరుగా

ఫిబ్రవరి 4

నాన్నకి,

నీ కందిరీగ రాస్తోంది. గది దొరికింది. ఒకటే గది, ఒకటే కిటికీ. కిటికీ తీస్తే ఎదురింటి గోడ, ఆ గోడకి కారుతున్న ఒక పైపు. ఉద్యోగం మాత్రం బాగుంది. గుడ్డని పొరలు పొరలుగా పరిపించి, సుద్దతో గీసి, మిషన్ మీద కోయించాలి. నా కింద పనిచేసేవాళ్లు నేను చెప్పినట్టు వింటారు. మన ఇంట్లో ఆ భాగ్యం నాకెప్పుడూ కలగలేదు కాబట్టి కాస్త కొత్తగా ఉంది.

ఫోనులో ఎంత అరిచినా నీకు తప్ప వీధి మొత్తానికి వినపడుతుంది. అందుకే ఉత్తరం. నిదానంగా చదువు.

నిన్న లాయరు దగ్గరికి వెళ్లాను. ఇద్దరూ ఒప్పుకుంటే విడాకులు పెద్ద కష్టం కాదట. కానీ అర్జీ పెట్టే ముందు మొగుడూ పెళ్లాం ఏడాది పాటు వేరుగా ఉండి తీరాలట. అది నిండకుండా వెళితే గుమ్మంలోంచే తిప్పి పంపేస్తారట. మధ్యలో మళ్లీ కాపురం చేస్తే లెక్క మొదటికొస్తుందట. నేను ఇల్లు వదిలింది జనవరిలో కాబట్టి వచ్చే జనవరి దాకా ఆగాలి. ఇవన్నీ వేరే కాగితం మీద రాసి ఇందులో పెట్టాను. నీ అల్లుడికి ఇవ్వు.

ఎందుకిదంతా అని మళ్లీ అడగకు. ఈ ఉద్యోగం వచ్చినప్పుడు "వెళ్లనా?" అని అడిగాను. "నీ ఇష్టం" అన్నాడు. నాలుగు రోజులాగి మళ్లీ అడిగాను. మళ్లీ అదే. గోడకి రంగు ఏది వేయిద్దామన్నా అదే, సినిమాకి వెళదామా అన్నా అదే. చివరికి విడిపోదామా అన్నా అదే మాట. "వద్దు" అని ఒక్కసారైనా అనని మనిషితో కాపురం చేయడం నావల్ల కాలేదు. నేను ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే అయినప్పుడు ఎందుకుండాలి?

నువ్వు నా దగ్గరికి వచ్చెయ్. అమ్మ పోయాక కూతురి ఇంటికని వచ్చావు. ఇప్పుడు ఆ ఇంట్లో కూతురు లేదు. అల్లుడి పంచన ఒక్కడివీ ఉంటే చూసేవాళ్లకి ఏం బాగుంటుంది?

నీ కందిరీగ

ఫిబ్రవరి 15

కందిరీగమ్మకి కుట్టించుకోవడం అలవాటైన నాన్న దీవెనలు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి కళ్లజోడు లేకుండా చదివాను, అప్పుడే బాగుంది.

నేను ఇక్కడ బాగానే ఉన్నాను. అల్లుడు పొద్దున్నే అన్నం వండి, మూతపెట్టి, కాటాల కొట్టుకి పోతాడు. సాయంత్రం వచ్చాక ఇద్దరం వరండాలో కూర్చుంటాం. నాకు వినపడదు, అతను మాట్లాడడు. ఇంతకన్నా కుదిరిన జంట ఎక్కడుంటుంది? ఏదైనా చెప్పాల్సి వస్తే పలక మీద రాస్తాడు. ఊళ్లో కిరాణా కొట్లన్నిటికీ కాటాలు బాగుచేసే మనిషి కదా, పలక మీద మాట కూడా తూచి రాస్తాడు. నిన్నంతా కలిపి "పప్పులో ఉప్పు లేదు" అని ఒక్క ముక్క. అదీ నిజమే.

నీ కాగితం ఇచ్చాను. నిలబడే చదివాడు. మర్నాడు ఉతికిన చొక్కా వేసుకుని కొట్టు తాళం పెట్టి, ఇక్కడే ఉన్న ఓ లాయరు ఆఫీసుకి వెళ్లొచ్చాడు. నేను పలక ఇచ్చి కూర్చున్నాను. "సరే. ఏడాది వేరుగా ఉండాలి. ఉంటాం" అని రాశాడు. ఇంకేమైనా అన్నాడా అని నువ్వు అడుగుతావు. అనలేదు. రాసింది తుడిచేసి, పలక గోడకి ఆనించి, నాకు కాఫీ కలిపి ఇచ్చాడు. అది చేదుగా ఉంది. పంచదార వేయడం మర్చిపోయాడు.

రమ్మన్నావు, సంతోషం. కానీ తల్లీ, ఉన్నవాళ్లందరం దిగిపోతే బస్సులో అతనొక్కడే మిగులుతాడు. కండక్టరుగా పనిచేసినవాణ్ణి, ఆఖరి ప్రయాణికుడు దిగేదాకా నేను దిగను. ఈ ఏడాది గడవనీ.

నాన్న

ఏప్రిల్ 2

నాన్నా,

జ్వరం పూర్తిగా తగ్గిందా? మందులు మధ్యలో ఆపావంటే ఊరుకోను.

ఒక్క సంగతి అడగాలి. నీకు జ్వరమని వచ్చి నేనున్న రెండు రోజులూ అతను పొరుగూరు వెళ్లాడని చెప్పావు. కాటాలకి ప్రభుత్వ ముద్ర వేయించే పని అన్నావు. మరి అతని పనిముట్ల సంచి తలుపు వెనక మేకుకి వేలాడుతూనే ఉంది. తూకం రాళ్ల పెట్టె మంచం కిందే ఉంది. రాళ్లు లేకుండా కాటాలు సరిచేయడానికి వెళ్లినవాణ్ణి నేనెక్కడా చూడలేదు. నీకు అబద్ధం చెప్పడం ఎప్పుడూ చేతకాదు. చెప్పేటప్పుడు చొక్కా గుండీలు సర్దుకుంటావు.

ఎవరైనా ఉన్నారా? ఉంటే చెప్పెయ్. నేనేమీ ఏడవను. నేనే కదా వదిలేసి వచ్చింది.

నాన్నా, ఇది నీ ఒక్కడికే రాస్తున్నాను. నీ జ్వరం కోసమే వచ్చాను, నిజమే. కానీ బస్సులో వచ్చినంతసేపూ ఇంకోటి కూడా అనుకున్నాను. అతను ఎదురొస్తే, "ఉండిపో" అని ఒక్కమాట అంటే, ఆ ఏడాదీ వద్దు, ఆ కాగితాలూ వద్దు, సంచి కూడా విప్పకముందే ఉద్యోగానికి రాజీనామా రాసేద్దామనుకున్నాను. గేటు చప్పుడైనప్పుడల్లా లేచి నిలబడ్డాను. నీకు వినపడదు కాబట్టి నేనెందుకు లేస్తున్నానో నీకు తెలియలేదు.

ఈ మాట అతనికి చెప్పావంటే నా మీద ఒట్టే. అడిగించుకుని అనే మాట నాకక్కర్లేదు.

నీ కందిరీగ

ఏప్రిల్ 12

తల్లికి,

అతనికి ఇంకో ఆడమనిషా! నవ్వితే నాకు దగ్గు వచ్చింది, ఆ మందు కూడా నువ్వే పంపాలి. ఉన్న ఒక్కదానితోనే మాట్లాడలేకపోయిన మనిషి ఇంకోదాన్ని ఏం పెట్టి పలకరిస్తాడే?

సంచి సంగతికి వస్తే, కొత్త సంచి కొన్నాడు. కొత్త రాళ్లు కూడా. (గుండీలు సర్దుకోవడం లేదు. బనీనుతో ఉన్నాను.)

ఒట్టు వేశావు కాబట్టి నోరు కట్టేసుకున్నాను. జ్వరం లేదు. ఎండలు ముదిరాయి, నీళ్లు ఎక్కువ తాగు.

నాన్న

సెప్టెంబరు 8

నాన్నా,

కంటికి పెట్టుకున్న నల్లజోడు తీసెయ్యమన్నారని తెలిసింది. ఇక ఈ ఉత్తరం నువ్వే చదువుకోగలవు, వేరేవాళ్ల చేత చదివించుకోకు.

నీ ఆపరేషన్‌కి సెలవు పెట్టి వచ్చి వారం ఉన్నాను. ఆ వారమంతా అతను మళ్లీ "ఊళ్లో లేడు". సరే అని నేనూ ఊరుకున్నాను. గురువారం నేను మందుల షాపుకి వెళ్లి వచ్చేసరికి నీ కంట్లో చుక్కలు వేసి ఉన్నాయి. పక్కింటావిడ వేసిందన్నావు. శుక్రవారం నేను కూరగాయలకి వెళ్లి వచ్చేసరికి ఊగే నీ మంచం ఊగడం మానేసింది. వంగి చూస్తే ఒక కోడు కింద అట్టముక్క, దాని కింద ఇంకా పల్చటి అట్టముక్క. పక్కింటావిడకి అంత పట్టింపు ఉంటుందా? బల్ల వెంట్రుకవాసి ఒరిగినా కాటా ముల్లు నిలవదని రోజంతా అట్టముక్కలు సర్దుకునే మనిషి ఊరంతటికీ ఒక్కడే ఉన్నాడు.

అంటే అతను ఊళ్లోనే ఉన్నాడు. నేను వీధి మలుపు తిరిగేదాకా ఎక్కడో నిలబడి, తిరగగానే ఇంట్లోకి వస్తున్నాడు. నా మొహం చూడటం అంత కష్టంగా ఉందా నాన్నా? నేనేం చేశాను? నా కంటపడకుండా ఉండటానికి పడుతున్న శ్రమలో పదో వంతు నన్ను ఆపడానికి పడి ఉంటే సరిపోయేది.

జనవరి రానీ. నిండిన మర్నాడే అర్జీ పెట్టిస్తాను.

కందిరీగ

సెప్టెంబరు 19

అమ్మా,

దొరికిపోయాను. టికెట్టు లేకుండా ఎక్కినవాణ్ణి చెకింగ్ వాళ్లు పట్టుకున్నట్టే ఉంది.

అతను ఏ ఊరూ వెళ్లలేదు. నువ్వు వస్తున్నావని తెలిసిన రోజు సాయంత్రమే దుప్పటి చంకన పెట్టుకుని కొట్టుకి పోతాడు. బస్తాలు తూచే పెద్ద కాటా ఉంది కదా, దాని మీద పడుకుంటాడు. నువ్వు గుమ్మం దాటి వెళ్తేనే ఇంట్లో అడుగుపెడతాడు. రెండుసార్లూ అదే. ఎందుకురా నాయనా అని అడిగాను. పలక మీద "తనకి అదే మంచిది" అని రాశాడు. ఇంకా గుచ్చి అడిగితే పలక బోర్లించేశాడు. చుక్కలు మాత్రం కంట్లో రెండు, చెంప మీద నాలుగు వేశాడు.

నాకు తోచింది ఇదీ. నువ్వు ఎదురుపడితే కోపం ఆపుకోలేక ఏదైనా అనేస్తానని భయం కాబోలు. మాట్లాడనివాళ్ల కోపం పెద్దది. ఆ సంగతి నీతో ఎలా చెప్పను? కూతురితో "నీ మొగుడికి నువ్వంటే పడట్లేదు" అని రాయడానికి నాకు చెయ్యి రాలేదు. అందుకే పొరుగూరు, ముద్రలు, పక్కింటావిడ. పాపం ఆవిడకి డెబ్బై దాటాయి, ఆవిడ కంట్లోనే ఎవరైనా చుక్కలు వేయాలి.

తొందరపడకు. ఏడాది నిండితే అర్జీ పెట్టొచ్చన్నారు గానీ, పెట్టి తీరాలని ఎవరూ అనలేదు కదా.

నాన్న

జనవరి 20

నాన్నా,

అర్జీ పెట్టేశాం. 

లాయరు గదిలో నేను ఈ చివర, అతను ఆ చివర. చిక్కిపోయాడు. నువ్వు అది రాయలేదు. లాయరు కాగితాలు తిరగేస్తూ, "ఏడాదిగా వేరుగానే ఉంటున్నారు కదా? మధ్యలో ఎప్పుడైనా కలిసి ఉన్నారా?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపు అతనే అందుకున్నాడు. అంత పొడుగు మాట అతని నోటి నుంచి నేనెప్పుడూ వినలేదు.

"లేదండీ. ఒక్క రాత్రి కూడా ఒకే కప్పు కింద లేం. తను వాళ్ల నాన్నగారి కోసం రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ నేను కొట్టులోనే పడుకున్నాను. తను ఇంట్లో ఉన్నప్పుడు నేను గడప తొక్కలేదు. తన ఏడాది చెడిపోకూడదని."

లాయరు కళ్లజోడు తీసి అతని వైపు చూశాడు. "ఎవరు చెప్పారయ్యా నీకిది?" అన్నాడు. అక్కడి లాయరు దగ్గర గుమాస్తా చెప్పాడట. ఒకే కప్పు కింద ఒక్క రాత్రి గడిచినా లెక్క మొదటికొస్తుందని.

"కప్పుతో పనేముందయ్యా? కాపురం చేయకూడదన్నారు గానీ పలకరించుకోవద్దన్నారా? ముసలాయనకి ఒంట్లో బాగాలేకపోతే ఇద్దరూ ఒక ఇంట్లో ఉండి చూసుకోవచ్చు. వేర్వేరు గదుల్లో పడుకుంటే వేరుగా ఉన్నట్టే. కూర్చుని అన్నం తినొచ్చు, మాట్లాడుకోవచ్చు. చట్టం దేనికీ అడ్డం రాదు" అన్నాడు లాయరు.

అతను తల దించుకుని, "అలాగా అండీ" అన్నాడు. అంతే.

నాన్నా, నేను లేచి నిలబడ్డ ఆ గేటు చప్పుళ్లలో ఏదో ఒకటి అతనిది కావాల్సింది. కోపం కాదు, అసహ్యం కాదు, ఎవరో ఆడమనిషీ కాదు. నేను ఏడాది అడిగాను. అతను నా ఏడాదికి కాపలా కాశాడు.

అప్పుడైనా నోరు తెరవాల్సింది. తెరవలేకపోయాను. ఇనప కాటా మీద పడుకుని ఆ ఏడాదిని నాకు కాపాడిపెట్టిన మనిషితో, ఇప్పుడు నాకది వద్దు అని ఎలా అంటాను? నాకు ఏడుపొచ్చింది. నేను అలిసిపోయాననుకున్నట్టున్నాడు. గబగబా సంతకం చేసి, కలాన్ని నాకు అందేలా తిప్పిపెట్టాడు. నేనూ చేశాను.

ఇంకో ఆరు నెలలు గడువిస్తారట. ఆ తర్వాత ఇద్దరం జడ్జి ముందుకి వచ్చి మళ్లీ సరేనంటేనే విడాకులు. ఇద్దరిలో ఎవరు రాకపోయినా ఇవ్వరట.

కందిరీగ

ఫిబ్రవరి 1

తల్లీ,

నీ ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను. అతన్ని కూర్చోబెట్టి అంతా చెప్పేశాను. గేటు సంగతి, రాజీనామా సంగతి, అంతా. నా గొంతు నాకు వినపడదు కదా, ఎంత గట్టిగా అరిచానో ఏమో, పక్కింటావిడ కిటికీ వేసేసుకుంది.

పలక తీసుకున్నాడు. రాశాడు, తుడిచాడు, మళ్లీ రాశాడు. చివరికి ఇచ్చినప్పుడు ఇలా ఉంది: "తను అడిగింది ఒక్కటే. అది ఇచ్చాను. ఇచ్చి లాక్కోవడం నాకు రాదు. మనసు మారితే తను కోర్టుకి రావడం మానేస్తుంది. అప్పుడు నేనే వెళ్లి తీసుకొస్తాను."

అర్థమైందా? నువ్వు ఆ రోజు వెళ్లకు. జబ్బు చేసిందను, బస్సు దొరకలేదను, నా పేరు చెప్పి ఏదో ఒకటను. వెళ్లకపోతే చాలు. ఇంతకన్నా తేలికైన పని ఈ లోకంలో లేదు.

ముసలాణ్ణి, బతిమాలుతున్నాను.

నాన్న

ఆగస్టు 3

నాన్నా,

అయిపోయింది.

నువ్వు వెళ్లొద్దన్నావు, వెళ్లాను. నన్ను తిట్టే ముందు ఇది చదువు. నేను మానేస్తే అది మళ్లీ నా ఇష్టమే అవుతుంది నాన్నా. వచ్చిందీ నేనే, వెళ్లిందీ నేనే, తిరిగొచ్చిందీ నేనే. ఈ ఒక్కసారి అతను ఆపాలనిపించింది. మాటతో కాకపోయినా, రాకుండా ఉండి ఆపినా చాలనుకున్నాను. అతను వచ్చి ఉండకూడదని అనుకుంటూనే కోర్టు మెట్లెక్కాను.

వరండాలో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, దువ్విన తల. నన్ను చూడగానే లేచి నిలబడి పక్కకి జరిగి చోటిచ్చాడు. "ఎందుకొచ్చావు?" అన్నాను.  "అంత దూరం నుంచి నువ్వొచ్చి, నేను లేక ఊరికే తిరిగిపోతావేమోనని" అన్నాడు.

ఆ బల్ల మీద పక్కపక్కనే కూర్చున్నాం. పిలవడానికి చాలా సేపు పట్టింది. ఏడాదిన్నరలో అంతసేపు ఒకచోట కూర్చోవడం అదే మొదలు. నీ కంటి గురించి అడిగాను. బాగా కనపడుతోందన్నాడు. "మీ నాన్నగారు ఈమధ్య మజ్జిగ తాగడం లేదు" అన్నాడు. తాగు నాన్నా.

జడ్జి ముందు నన్ను అడిగారు. సమ్మతమేనా అని. నేను అతని వైపు చూశాను. అతను నేలవైపు చూస్తున్నాడు. సమ్మతమే అన్నాను. అతన్ని అడిగారు. అతనూ సమ్మతమే అన్నాడు. కాఫీ తాగినంతసేపు కూడా పట్టలేదు.

నాకు అతని మీద కోపం లేదు. ఉంటే బాగుండేది. దాన్ని పట్టుకుని బతికేదాన్ని.

ఇక నీకు అక్కడ చుట్టరికం లేదు. ఏడాది గడవనీ అన్నావు, అదీ గడిచి ఆర్నెల్లు అదనం. పెట్టె సర్దుకుని ఆదివారం పొద్దుటి బస్సుకి వచ్చెయ్. బస్టాండులో ఉంటాను. నీకో మంచం కొన్నాను, కిటికీ దగ్గరే వేశాను.

నీ కూతురు

ఆగస్టు 16

నా తల్లికి,

ఆదివారం నువ్వు బస్టాండులో ఎంతసేపు నిలబడ్డావో తలుచుకుంటే నాకు అన్నం సహించడం లేదు. క్షమించు.

రావాలనే అనుకున్నాను. నువ్వు రాసింది నిజమే, ఇంకే వరస పెట్టుకుని ఇక్కడుంటాను? శనివారమే రేకు పెట్టె సర్దాను. బట్టలు, మందులు, మీ అమ్మ ఫోటో, అన్నిటికన్నా పైన పలక. ఆదివారం పొద్దున్నే స్నానం చేసి, బూట్లు వేసుకుని, పెట్టెకి తాళం పెట్టాను. ఎత్తబోతే కదల్లేదు. అలవాటు చొప్పున "అల్లుడూ!" అని కేక వేశాను. వేశాక నాలుక కరుచుకున్నాను. ఇంకా ఎక్కడి అల్లుడు? కానీ అతను వచ్చాడు. గుమ్మంలో నిలబడి పెట్టె వైపు చూశాడు, నా బూట్ల వైపు చూశాడు. వెళ్తానన్నవాళ్లని బస్సెక్కించే మనిషే కదా, భుజాన వేసుకుని ముందు నడుస్తాడనుకున్నాను.

వచ్చి పెట్టె మీద కూర్చున్నాడు.

లేవయ్యా, బస్సు టైమవుతోంది అన్నాను. లేవలేదు. రెండు చేతులతో పెట్టె అంచులు పట్టుకున్నాడు. నోరు కదిలింది. ఏదో అన్నాడు, మళ్లీ అన్నాడు, ఆగకుండా అంటూనే ఉన్నాడు. పలక పెట్టెలో ఉంది, పెట్టె మీద అతనున్నాడు. ఒక్క ముక్క నాకు తెలియలేదు. కళ్లు మాత్రం కారిపోతున్నాయి.

ఈ సంగతి నీకు రాయకూడదనే అనుకున్నాను. జ్వరం వచ్చిందనో, బస్సు తప్పిపోయిందనో రాద్దామని కాగితం కూడా తీశాను. కానీ నీతో ఇంకో అబద్ధం ఆడే ఓపిక నాకు లేదమ్మా.

నేను బూట్లు విప్పేశాను. అప్పటికి గానీ అతను లేవలేదు.

నాన్న